డిండి వాగు ఆవలి ఒడ్డున పిడుగు పడిన ఇల్లు



నల్లగొండ బస్టాండులో తెల్లవారి బస్సు పట్టుకొని, కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ దిగి, అక్కడ టీ తాగి డిండి బస్సెక్కడం నాకు ఏండ్ల నుండి అలవాటైన ప్రయాణం. దారి పొడుగునా ఎర్ర చెల్క నేలలు, బత్తాయి తోటలు, ఎవరో పెద్దమనిషి తీరిక వేళ ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టినట్లుండే బండరాళ్ల గుట్టలు, వాటి నడుమ ఒంటరిగా నిలబడిన తాడిచెట్లు. దేవరకొండలో రేచర్ల పద్మనాయకులు కొండల మీద కట్టిన కోట గోడలు బస్సులో నుండే కనబడతాయి. డిండి దాటితే పాలమూరు గడ్డ. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టిన తరువాత ఆవలి ఒడ్డు నాగర్‌కర్నూలు జిల్లా అయింది గాని, మా పెద్దలకు అది నేటికీ పాలమూరే.

నిరుడు మే నెల చివరలో ఆ దారిన వెళ్లింది సువార్త కూటానికి కాదు, పెండ్లికీ కాదు. వాగు ఆవల ఒక చిన్న ఊరిలో మన సంఘపు కుటుంబం ఇంటి మీద పిడుగు పడిందని కబురు వచ్చింది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయవద్దని ఆ తల్లి అడిగింది గనుక రాయడం లేదు. రాయవలసిన సంగతి మాత్రం రాయకుండా ఉండలేను.

నేనూ, మా సంఘ పెద్ద ఒకాయనా ఆ ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. ముందర రెండు రేకుల గదులు, వెనుక తాతల నాటి గూనపెంకల వంటిల్లు, పక్కన రాతి కడీలు పాతి వేసిన గొడ్ల కొట్టం. దొడ్డి అంచున తాడిచెట్టు ఉంది. దాని మొవ్వ మాడిపోయింది. మొదలు దాకా నిలువునా చీలిక. పిడుగు మొదట దిగింది అక్కడే. చెట్టు మీద నుండి ఇంటిపైన ఉన్న టీవీ గొడుగు మీదికి దుమికింది. గొడుగు నుండి తీగ పట్టుకొని ఇంట్లోకి వచ్చింది. మీటరు డబ్బా గోడ నుండి ఊడి వాకిట్లో పడింది. గోడలో తీగ ఎక్కడెక్కడ పోయిందో అక్కడల్లా సిమెంటు పూత చాలు దున్నినట్లు లేచిపోయింది. బోరు పైపు ఇంట్లోకి వచ్చే చోట షాబాదు బండ రెండు ముక్కలైంది. వంటింటి వాసాలకు నిప్పంటుకొని సగం కప్పు కూలింది. కడీకి కట్టిన రెండు బర్రెలు కట్టిన చోటనే పడిపోయాయి.

ఆ సమయానికి ఇంటి యజమాని చెల్కలో ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు ముందు గదిలో ఉన్నారు. తల్లి వంటింటి గడప దగ్గర ఉంది.

“ఉరుము ఇనవడలే అయ్యగారూ. తెల్లగ వెలుగు ఒక్కటే కనవడ్డది. కండ్లు తెరిస్తె నేను నేల మీద ఉన్న. పిల్లలు నోరు తెరిచి ఏడుస్తున్నరు గని నాకు ఏం ఇనవడలే” అన్నది ఆమె. ఆమె ఎడమ చెవిలో ఇంకా హోరు తగ్గలేదు.

ప్రాణాలు దక్కాయి, దేవునికి స్తోత్రం అని మేము ప్రార్థన చేశాము. ప్రార్థన అయిన తరువాత ఆ తండ్రి నేల చూస్తూ మెల్లగా ఒక మాట అడిగాడు. “అయ్యగారూ, మేము ఏం పాపం జేసినమో జర మీరన్న చెప్పుండ్రి.”

ఊరిలో కొందరు ఆ ఇల్లు విడిచిపెట్టాలని, పిడుగు పడ్డ ఇంట్లో దీపం పెట్టగూడదని చెబుతున్నారట. అది బయటి మాట అనుకుందాము. మన సంఘంలోనే ఒకరు, బత్తాయి పంట అమ్మిన డబ్బులో దశమభాగం ఇవ్వలేదు గనుకనే దేవుడు పైనుండి అగ్ని పంపాడని అన్నారట. ఆ మాట విన్న నాటి నుండి చిన్న పిల్ల ఇంట్లోకి అడుగు పెట్టడం లేదు. పొరుగింటి అరుగు మీదనే నిద్రపోతున్నది. దేవుడు తమ ఇంటిని గురి చూసి కొట్టాడని ఆ పిల్ల అనుకుంటున్నది. పదేండ్ల పిల్ల!

ప్రియులారా, ఆ తండ్రికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ దశమభాగం మాట అన్న మనిషి దాన్ని ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. నేను నూతనంగా సేవలోకి వచ్చిన దినాలలో, కల్వకుర్తి వైపు ఒక ఊరిలో, గొర్లు కాస్తూ వేపచెట్టు కింద నిలబడిన ఒక సహోదరుడు పిడుగుపాటుకు చనిపోయాడు. ఆ సమాధి కూడికలో నేను దేవుని ఉగ్రత గూర్చి గంటసేపు ప్రసంగించాను. ఆయన అప్పుడప్పుడు మందిరం మానేసేవాడని కూడా అన్నాను. కూడికకు వచ్చినవారు తలలు ఊపారు. బాగా చెప్పాననే అనుకున్నాను. ఆయన భార్య మాత్రం ఆ దినం తరువాత మందిరం గడప తొక్కలేదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మన పెద్దలు ఊరకే అనలేదు. కరువొచ్చినా, కలరా వచ్చినా, పిడుగు పడినా నా దగ్గర ఒకటే ప్రసంగం ఉండేది.

ఆ మధ్యాహ్నం వాకిట్లో మంచం మీద కూర్చొని వారికి చెప్పినది ఇక్కడ రాస్తున్నాను.

యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో ఆకాశం నుండి అగ్ని పడి గొర్రెలనూ కాపరులనూ కాల్చివేసినట్లు చదువుతాము. అది యోబు పాపం వలన జరిగినది కాదని ఆ గ్రంథం ముందే చెబుతుంది. పాపమే కారణమని వాదించినవారు ఆయన స్నేహితులు. చివరి అధ్యాయంలో దేవుడు గద్దించినది ఆ స్నేహితులనే. అయితే వారు చేసిన మంచి పని కూడా ఒకటి ఉంది. మొదట ఏడు దినాలు నోరు మెదపకుండా ఆయనతో కూడ నేల మీద కూర్చున్నారు. అంతటితో ఊరుకొనియుంటే ఎంత బాగుండేది! సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులా అన్న ప్రశ్నకు మన ప్రభువు కాదనే చెప్పాడు. మెలితే ద్వీపంలో పౌలు చేతికి పాము చుట్టుకొన్నప్పుడు అక్కడివారు ఆయనను నరహంతకుడు అన్నారు. కొంచెంసేపటికి ఆయనకేమీ కాకపోవడం చూసి దేవుడు అన్నారు. రెండూ తప్పే.

ఇది మన దేశపు అజ్ఞానం మాత్రమే అనుకోవద్దు. ఐరోపాలో వందల ఏండ్లు ఉరుములు వచ్చినప్పుడల్లా చర్చి గంటలు కొట్టేవారు. గంట శబ్దానికి పిడుగు చెదిరిపోతుందని నమ్మకం. తడిసిన తాడు పట్టుకొని ఎత్తైన గోపురం కింద నిలబడినవాని గతి ఏమౌతుంది? 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం, 33 ఏండ్లలో 386 చర్చి గోపురాల మీద పిడుగులు పడ్డాయని, 103 మంది గంట కొట్టేవారు చనిపోయారని లెక్క చూపింది. అంతకు ముందే 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటం ప్రయోగంతో మెరుపు అంటే విద్యుత్తేనని గ్రహించి, ఇంటిమీద ఇనుప కడ్డీ నిలిపి తీగతో భూమికి కలిపితే ఇల్లు నిలుస్తుందని చెప్పాడు. 1755లో బోస్టన్‌లో భూకంపం వచ్చినప్పుడు థామస్ ప్రిన్స్ అనే పాదిరి, ఆ కడ్డీలు మెరుపును భూమిలోకి దింపడం వలననే భూమి కంపించియుండవచ్చునని రాశాడు. మేము సేవకులము తెలియని సంగతులు గట్టిగా చెప్పడం నేటిది కాదు!

మార్టిన్ లూథర్ సంగతి మీరెరిగినదే. 1505 జూలై 2న, 21 ఏండ్ల న్యాయశాస్త్ర విద్యార్థిగా ఎర్ఫర్ట్‌కు తిరిగి పోతూ, స్టోటర్న్‌హైమ్ అనే ఊరి దగ్గర పిడుగుకు భయపడి, బ్రతికితే సన్యాసి అవుతానని మొక్కుకున్నాడు. రెండు వారాలలో మఠంలో చేరాడు. అయితే ఆ భయం ఆయనకు సమాధానం ఇవ్వలేదు. అది భయంతో చేసిన మొక్కని తరువాత ఆయనే రాశాడు. ఆయనకు నెమ్మది దొరికింది కృప గూర్చి చదివినప్పుడే. పిడుగు మనిషిని పరుగెత్తించగలదు గాని, దేవుని ప్రేమను నేర్పలేదు.

మరి పిడుగు అంటే ఏమిటి? ఆ పిల్లకు అర్థమయ్యేటట్లు చెప్పాను. మా ఉభయ జిల్లాలలో ఏప్రిల్, మే నెలల్లో బండలు కాగి, నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. దానికి సముద్రం వైపునుండి వచ్చే తేమ కలిసినప్పుడు సాయంకాలానికి మబ్బు కొండలాగా పెరుగుతుంది. ఆ మబ్బు లోపల మంచు పలుకులు ఒకదానితో ఒకటి రాసుకొని విద్యుత్తు పుడుతుంది. అది భూమికి దిగడానికి దగ్గర దారి వెదుకుతుంది. తాడిచెట్టు, కరెంటు స్తంభం, గుడి, మసీదు, చర్చి గోపురం, ఏది ఎత్తైతే అది. అది ఎవరి ఇల్లో చూడదు. ఆ దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. సూర్యుని పైభాగం కంటె అయిదు రెట్లు. మన ఇంట్లో పెద్ద ప్లగ్గుకు 15, 16 ఆంపియర్లు. పిడుగులో ఆ ప్రవాహం సాధారణంగా 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. గోడలోని తేమ ఒక్క క్షణంలో ఆవిరై ఉబ్బడం వలననే సిమెంటు పూత అట్లా పేలిపోయింది. గొడ్లకు ముందు కాళ్లు, వెనుక కాళ్లు దూరంగా ఉంటాయి గనుక నేలలో పారిన విద్యుత్తు ఒక కాలి నుండి ఎక్కి గుండె మీదుగా ఇంకొక కాలికి పోతుంది. బర్రెలు చనిపోయింది అందుకే.

చిన్న పిల్ల అంతా విని, “అయితే మా తాడిచెట్టు పొడుగున్నందుకేనా?” అని అడిగింది. “అవునమ్మా, అందుకే” అన్నాను. ఆ పిల్ల లేచి పోయి గడప దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. ఆ దినానికి అంతే.

ఇట్టి ఆపద ఏ ఇంటికైనా రావచ్చును గనుక, ఆ కుటుంబం పడిన కష్టం నుండి నేర్చుకొన్న సంగతులు వరుసగా చెబుతాను.

మొదటిది, మనిషి సంగతి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. ముట్టుకుంటే మనకు ఏమీ కాదు. ముట్టుకోవడానికి భయపడి ఆలస్యం చేయడం వలన ప్రాణాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కు ఫోను చేయించాలి. పేడలో పాతిపెట్టడం వంటి పనులతో సమయం పోగొట్టవద్దు. పైకి ఏమీ కానట్లున్నా చెవులు, కండ్లు, గుండె డాక్టరుకు చూపించాలి. ఆ తల్లి వారం దినాలు ఆలస్యం చేసింది. చెవి పొర చిరిగిందని తరువాత తెలిసింది.

రెండవది, ఇంటి సంగతి. మంట ఆరినట్లు కనబడినా పెంకుల కింద, వాసాల సందున నిప్పు గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. కప్పు పైన చూడకుండా పిల్లలను లోపల పడుకోబెట్టవద్దు. మీటరు దగ్గర కాలితే మీరే తీగలు ముట్టవద్దు. లైన్‌మన్‌ను పిలిపించి స్తంభం దగ్గరనే కరెంటు తీయించాలి. తిరిగి కరెంటు ఇచ్చే ముందు గోడలోని తీగలన్నీ తెలిసినవానితో పరీక్ష చేయించాలి, ఎర్తింగు గుంట కొత్తగా తవ్వించాలి. పైకి బాగున్న తీగ లోపల కాలియుండి నెల తరువాత ఇల్లు అంటుకొనవచ్చును. పగులు వచ్చిన గోడకు సున్నం పూసి మరిపించవద్దు. మేస్త్రీకి చూపించాలి.

మూడవది, కాగితాల సంగతి. ఊడ్చి శుభ్రం చేయకముందే ఫొటోలు తీయాలి. పంచాయతీ కార్యదర్శికీ, తహసీల్దారు కార్యాలయానికీ వెంటనే తెలిపి పంచనామా రాయించాలి. పశువులను పశువుల డాక్టరు చూసి పత్రం ఇవ్వకముందు పాతిపెట్టవద్దు. ఈ కుటుంబం వాసన వస్తుందని మరుసటి దినమే పాతిపెట్టారు. అందువలన ఒక కార్యాలయం నుండి ఇంకొక కార్యాలయానికి తిరగవలసివచ్చింది. పట్టా పాసుపుస్తకం, పెద్దమ్మాయి ఇంటర్ సర్టిఫికెట్లు ఇనుప పెట్టెలో మాడిపోయాయి. అటువంటివి మరల తీసుకోవచ్చును గాని, నకళ్లు ఇంకొక చోట దాచియుంటే సగం శ్రమ తప్పుతుంది. బ్యాంకు ఖాతా ఉన్నవారు ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరండి. 18 ఏండ్ల నుండి 70 ఏండ్ల వరకు చేరవచ్చును. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి.

నాల్గవది, రాబోయే దినాల సంగతి. ఒక చోట పడిన పిడుగు మరల అక్కడ పడదనే మాట నిజం కాదు. మెరుపు కనబడిన తరువాత లెక్కపెట్టండి. ఉరుముకు 3 సెకండ్లు పడితే పిడుగు కిలోమీటరు దూరంలో ఉంది. 30 సెకండ్ల లోపు ఉరిమితే చెల్క విడిచి పక్కా ఇంట్లోకి గాని, తలుపులు మూసిన బస్సులోకి గాని పోవాలి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. చెట్టు కింద, రేకుల కొట్టంలో, ముళ్లకంచె పక్కన నిలబడవద్దు. బోరు స్టార్టరు ముట్టవద్దు. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు మబ్బు పట్టినప్పుడే తీయాలి, ఉరుములు నెత్తి మీదికి వచ్చిన తరువాత కాదు. సెల్‌ఫోను పిడుగును పిలుస్తుందని అంటారు, అది నిజం కాదు. చార్జింగు తీగకు తగిలించి మాట్లాడితే మాత్రం అపాయమే. పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు చేసిన దామిని అనే యాప్, మన చుట్టుపక్కల పిడుగులు పడుతున్న సంగతి ఫోనులో చూపిస్తుంది. మీ ఇంటిలో చదువుకొన్న పిల్లలతో పెట్టించుకోండి.

మన దేశంలో ప్రతి ఏటా 2,500 మందికి పైగా పిడుగుపాటుతో చనిపోతున్నారు. నేర గణాంకాల బ్యూరో లెక్కలో 2022లో ఆ సంఖ్య 2,887. వారిలో ఎక్కువమంది మనవంటి పల్లెటూరివారే, చేలలో పని చేసుకొనేవారే. 2024 మే 26 ఆదివారం సాయంకాలం వచ్చిన గాలివానను ఈ ప్రాంతంవారు మరచిపోలేరు. తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. ఆ దినం మందిరానికి వచ్చినవారికీ, రానివారికీ గాలి ఒక్కటే వీచింది.

ఆ ఇంటి సంగతి ముగిస్తాను. మరుసటి ఆదివారం కూడికలో నేను నిలబడి, దశమభాగం మాట తప్పని, అట్టి బోధ నా నోటనే ఈ ప్రాంతంలో మొదలైందని ఒప్పుకున్నాను. ఆ మాట అన్న సహోదరుడు ఏమీ అనలేదు. మంగళవారం నాడు ఆయనే తన ట్రాక్టరులో ఇసుక తెచ్చి ఆ వాకిట్లో పోశాడు. స్త్రీల సమాజంవారు ఇంటికి ఇన్ని చొప్పున బియ్యం పోగు చేశారు. మాల, మాదిగ, గొల్ల, లంబాడా అనక ఊరివారు కూడా కప్పుకు చేయి వేశారు. ఇల్లు విడిచిపెట్టమన్న ముసలాయనే మొదటి వాసం ఎత్తాడు. దసరా నాటికి వంటింటికి రేకులు పడ్డాయి. తాడిచెట్టును కొట్టివేయలేదు. ఇంటి కప్పు మీద కడ్డీ నిలిపి, రాగి పట్టీతో భూమిలోకి దింపించారు.

ఆ ప్రయాణంలో తిరుగు దారిన నల్లగొండకు రాకుండా కల్వకుర్తి వైపు బస్సెక్కాను. ఆ గొర్ల కాపరి భార్య ఇల్లు అడిగి తెలుసుకొని వెళ్లాను. ఆమె తల నెరిసింది. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది, చెంబుతో నీళ్లిచ్చింది. నేను చెప్పవలసినది చెప్పి, క్షమించమ్మా అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది, “ఆ దినం ఆయన గొర్లను చెట్టు కిందికి తోలింది అవి తడుస్తయని అయ్యగారూ. గది జెప్పుంటె అయిపోతుండె.”

ఆమె మందిరానికి వస్తుందో రాదో నేను అడగలేదు. ఆమె ఎదుట కొంతసేపు ఊరకనే కూర్చొని, సాయంకాలం బస్సుకు వచ్చేశాను. పడమట మబ్బు లేస్తున్నది. బస్సులో ఎవరో పిల్లవాడు మెరుపు చూసి లెక్కపెడుతున్నాడు.

ప్రియులారా, ఈ ఏడు కూడా మబ్బులు వస్తాయి. మీ పొరుగింటి మీద పిడుగు పడితే కారణం చెప్పడానికి పరుగెత్తవద్దు. ఒక చాప, ఒక కుండ నీళ్లు, నాలుగు పూటల బియ్యం తీసుకొని పోయి వారి వాకిట్లో కూర్చోండి. దేవుడు మిమ్మును, మీ ఇండ్లను, మీ పశువులను కాపాడును గాక.